ముట్టుకోకుండా చెప్పు

నాలుగేళ్లు కోతులతో పనిచేశానంటే మా జగ్గయ్యపేటలో ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్లు నవ్వుతారు. డిగ్రీలో జువాలజీ చదివి, పేపర్లో ప్రకటన చూసి, బెంగళూరులో ఒక పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా అమ్మ మిరపచేలకు కూలికి వెళ్లేది. నాన్న చర్చి పక్కన చిన్న కొట్టులో మిషను కుట్టేవాడు. ఏం ఉద్యోగమని అడిగినవాళ్లకు ల్యాబులో అని చెప్పాను. రక్తపరీక్షలు చేసే ల్యాబు అనుకున్నారు. అలాగే అనుకోనిచ్చాను.

అక్కడ నా పని ఇది. కోతి బోను ముందు ఒక చెక్క పెట్టె ఉండేది. దానికి చెయ్యి పట్టేంత రంధ్రం, లోపలివైపు నల్ల గుడ్డ. పెట్టెలో రెండు చెక్క ముక్కలు, ఒకటి బంతిలా గుండ్రంగా, ఒకటి పాచికలా పలకలుగా. రెండింటి కిందా చిన్న గుంటలు. పలకల ముక్క కింద గుంటలో వేరుశనగ పలుకు పెడతాను. గుండ్రటి ముక్క కింద ఏమీ పెట్టను. లోపల ఏముందో కోతికి కనపడదు. చెయ్యి దూర్చి, తడిమి, సరైన ముక్కను పక్కకు జరిపితే పలుకు దానిది. తప్పు ముక్కను జరిపితే పెట్టె మూసేస్తాను. ముక్కల చోట్లు మారుస్తూ రోజంతా ఇదే పని. పక్క గదిలో వేరే కోతులకు ఇవే ముక్కలు వెలుగులో, కళ్లెదురుగా పెట్టేవాళ్లు.

కంటితో చూసే కోతులు తొందరగా నేర్చుకునేవి. చేత్తో నేర్చుకునేవాటికి చాలా రోజులు పట్టేది. ఎందుకో నాకు మొదటి నెలలోనే అర్థమైంది. కంటికి రెండు ముక్కలూ ఒకేసారి కనపడతాయి. చేతికి ఒకటే అందుతుంది. మొదట్లో ఏది తగిలితే దాన్నే లాగేసేవి. ఆకలి మరి. పొద్దున మేత ఆపేసి, పరీక్ష అయ్యాకే పెట్టేవాళ్లం. మేతగది తాళం నా దగ్గరే ఉండేది. చేతికి తగిలినదాన్ని వదిలిపెట్టి, రెండోదాన్ని కూడా తడిమి, అప్పుడు తేల్చుకోవటం ఆకలితో ఉన్న ప్రాణికి ఎంత కష్టమో మా ఇంట్లో పుట్టినదానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా తాళం నేనే వేశాను. ఆ నాలుగేళ్ల మీద నాకున్న కోపంలో సగం నా మీదే.

వాటిలో ఒక చెవి చిరిగిన ఆడకోతి ఉండేది. చేత్తో నేర్చుకునే గుంపులోది. అది తడిమే తీరు చూస్తే ముచ్చటేసేది. రెండు వేళ్లు ముక్క అంచు మీద జార్చుకుంటూ వెళ్లి, మూల దగ్గర ఆపేది. చెయ్యి లోపల అంత పని చేస్తుంటే కళ్లు మాత్రం పైకప్పు వైపు ఉండేవి. మా అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లేరుతూ ఎవరితోనో మాట్లాడినట్టు ఉండేది. కొన్ని వారాలకు దాని చెయ్యి ఇక తప్పు చెయ్యలేదు.

అప్పుడు అసలు పరీక్ష వచ్చింది. చెయ్యి నేర్చుకున్నది కన్ను గుర్తుపడుతుందా? పెట్టె తీసేసి, అవే ముక్కలు వెలుగులో పెట్టాం. కొన్ని కోతులు తొందరగానే గుర్తుపట్టాయి. ఇది గుర్తుపట్టలేదు. ఒకసారి ఒప్పు, ఒకసారి తప్పు, గుడ్డిగా లాగుతోంది. అయితే నేనొకటి గమనించాను. చెయ్యి ముక్క దగ్గరకు వెళ్లేటప్పుడు వేళ్లతో అలా రాసుకుంటూ పోయినప్పుడల్లా అది సరైనదాన్నే తీస్తోంది. ఆ సమయంలో కళ్లు కిటికీ వైపు ఉంటున్నాయి. నేను గొప్పగా కనిపెట్టానని సంబరపడి వెళ్లి ఆ పరిశోధన నడిపే పెద్దసారుకు చెప్పాను.

"అంటే చూడకుండా మోసం చేస్తోందన్నమాట" అన్నాడాయన. మర్నాడు ముక్కలకూ కోతికీ మధ్య అవతలివి కనపడే గాజు అద్దం పెట్టించాడు. ముక్కలకు కట్టిన తాళ్లు మాత్రం అద్దం కింద నుంచి బయటికి వస్తాయి. చూసి, కావలసిన ముక్క తాడు లాగాలి.

ఆ కోతి అద్దం మీద అరచెయ్యి పెట్టింది. లోపల ముక్క మూల ఎక్కడుందో అక్కడికి వేళ్లు జార్చింది. అద్దం ఎక్కడ పట్టుకున్నా నున్నగానే ఉంటుంది. మళ్లీ జార్చింది. తర్వాత కొట్టింది. మూడో రోజు వీపు మావైపు తిప్పి కూర్చుంది. వారం తిరిగేసరికి ముంజేతి మీద వెంట్రుకలు పీక్కోవటం మొదలుపెట్టింది. పెద్దసారు పుస్తకంలో "పనిచెయ్యటం లేదు" అని రాసి, దాన్ని వెనక గదిలోకి మార్పించాడు.

మధ్యాహ్నాలు ఆ గది కడగటం నా వంతు. నీళ్లు కొట్టి కడిగేశాక తలుపు దగ్గరకు వేసి, రెండు ముక్కలూ దాని చేతికే ఇచ్చేదాన్ని, వెలుగులోనే. కొన్ని రోజులు వేళ్లే పనిచేశాయి, కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. ఒకరోజు ముక్కను మొహం దగ్గరకు తెచ్చుకుని, వేలు అంచు మీద నడుస్తుంటే ఆ వేలి వెంట కళ్లు నడిపింది. ఆ తర్వాత చాలా రోజులు అలాగే తిప్పి తిప్పి చూసుకుంది. చివరికి ముక్కలు అందనంత దూరంలో నేల మీద పెడితే, చువ్వల్లోంచి పలకల ముక్క వైపే చెయ్యి చాచింది. ఎన్నిసార్లు మార్చి పెట్టినా దాని వైపే.

పరుగెత్తుకెళ్లి చెప్పాను. పెద్దసారు అందరి ముందూ నిలబెట్టి తిట్టాడు. లెక్కలో లేని పరీక్షతో కోతిని పాడుచేశానన్నాడు. "నిన్ను పెట్టుకుంది కడగటానికి. ఆలోచించటానికి కాదు" అన్నాడు. నేను "సారీ సర్" అన్నాను. పదిహేనేళ్లయినా ఆ సారీ నా గొంతు దిగలేదు. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి వచ్చేశాను. దాన్ని ఆ తర్వాత ఏం చేశారో తెలియదు.

పెళ్లయి నందిగామలో కాపురం పెట్టాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే శిక్షణ పూర్తిచేసి, ఒక కేంద్రంలో కాంట్రాక్టు టీచరుగా చేరాను. చూపు లేనివాళ్లు, మాట రానివాళ్లు, నడవలేనివాళ్లు, అన్ని రకాల పిల్లలూ ఒక పెద్ద గదిలో ఉంటారు. హైవే దగ్గరే. సిమెంటు లారీలు పోతుంటే కిటికీ రెక్కలు గడగడలాడతాయి.

ఆ గదిలోకి ఒకరోజు ఒకావిడ తొమ్మిదేళ్ల కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గరికపాడు వైపు ఒక ఊరు వాళ్లది. తల్లి పత్తికీ మిరపకాయకూ కూలికి పోతుంది. తండ్రి సున్నపురాయి క్వారీలో పని. పిల్ల కళ్లల్లో నల్లగుడ్డు మధ్య తెల్లగా ఉంది.

"పుట్టినకాణ్నుంచి కంట్లో పువ్వుందండీ. ఎలుతురు తెలుసుద్ది, రంగు తెలుసుద్ది. ఇంకేం తెలవదు" అంది తల్లి.

అది పువ్వు కాదు. పుట్టుకతో వచ్చిన శుక్లం. పసితనంలోనే తీయించాల్సింది. నా కోపం ఆపుకోలేక అడిగేశాను. "తొమ్మిదేళ్లు ఏం చేశావమ్మా?"

"ఏం చెయ్యలేదో అది అడగండి. ఆరెంపీ డాక్టరు చుక్కల మందు రాసిండు. తాయెత్తు కట్టించినం. కంటి క్యాంపు పెట్టినప్పుడల్లా ఎత్తుకుపోయినా. ఇది ముసలోళ్లకు, చిన్నపిల్లలకు ఇక్కడ చెయ్యరు, పెద్దయినాక చూద్దాం అన్నారు. యాడ చేస్తారో ఒక్కళ్లు చెప్పలా. చెబితే పోకపోదునా?"

క్యాంపు బల్ల దగ్గర కూర్చున్న ఒక్క మనిషి ఒక్క చీటీ ముక్క మీద ఎక్కడికి వెళ్లాలో రాసిచ్చి ఉంటే ఆ పిల్ల బాల్యం వేరుగా ఉండేది.

పిల్ల మాత్రం గడుసుది. ఆ చేతులకు తెలియని వస్తువు లేదు. కల్లంలో మిరపకాయలు పోస్తే మంచి కాయనూ తాలు కాయనూ పట్టుకోగానే వేరుచేసేది. తాలుకాయ తేలిగ్గా, డొల్లగా ఉంటుందట. కళ్లున్న ఆడవాళ్లు కూడా తమ కుప్పలు దాని ముందుకు తోసేవారట. మా కేంద్రంలో చెక్క బొమ్మల సంచీ ఇస్తే, చెయ్యి లోపల పెట్టి ఒక్కోదాని పేరూ చెబుతూ నా బల్ల మీద పెట్టింది. ఆ వేళ్లు అంచు మీద జారి మూల దగ్గర ఆగటం చూసి నాకు ఎక్కడో చూసినట్టనిపించింది.

బెజవాడలో పిల్లల కంటి డాక్టరు దొరికాడు. ఆపరేషన్లు రెండు కళ్లకూ అయ్యాయి. కట్లు విప్పిన రోజు నేనూ వెళ్లాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "చూపు కొంతవరకు వస్తుందండీ. కానీ ఇన్నేళ్ల తర్వాత కదా, కనపడిందేమిటో మెదడు నేర్చుకోవాలి. టైం పడుతుంది" అన్నాడు. ఆ మాట అర్థం నాకు తెలిసినంతగా ఆ ఆస్పత్రి వరండాలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. తల్లికి నేనేం చెప్పాను? "కొంచెం ఓపిక పట్టాలమ్మా" అన్నాను, అంతే. ఆవిడ సంతోషం చూసి ఇంకేమీ చెప్పబుద్ధి కాలేదు. అది నా మొదటి తప్పు.

పిల్ల మందపు కళ్లద్దాలతో ఊళ్లోకి దిగేసరికి ఇంటి ముందు జనం. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఊరి పెద్ద ఒకాయన అరటిపండు పట్టుకొచ్చి పిల్ల మొహం ముందు ఊపాడు.

"ఏందిది? చెప్పమ్మా!"

పిల్ల చాలాసేపు చూసింది. "పచ్చగా ఉంది" అంది.

"పచ్చగుంది సరే, ఏంది?"

చెప్పలేదు. చెయ్యి చాచింది. ఆయన పండు అందించగానే "అరటిపండు" అంది.

"చేతికిత్తే నేను కళ్లు మూసుకునైనా చెప్తా" అన్నాడెవరో. అందరూ నవ్వారు. వెనక నుంచి ఒకావిడ, "కనపడుద్దిలే. గారాలు" అంది. తల్లి మొహం వాడిపోయింది. ఆ వీడియో ఊళ్లో గ్రూపులన్నిటిలో తిరిగింది. నాకూ వచ్చింది. కింద నవ్వే బొమ్మలు పెట్టారు. ఫోను గోడకేసి కొడదామనిపించింది.

వాళ్ల ఊరి బడిలో ఒక కుర్ర మాస్టారు ఉన్నాడు. ఆ పిల్లను మా కేంద్రానికి పంపమని తల్లికి చెప్పింది ఆయనే. చెడ్డవాడని ఎవరూ అనలేరు. సొంతంగా చార్టులు గీసి గోడలకు అంటించే రకం. ఆపరేషనయిన నెలకు మాస్టార్ల మీటింగులో కలిశాడు. టీ తాగుతూ అడిగాడు.

"మేడం, ఒక సంగతి నాకు అంతు పట్టట్లేదండీ. పిల్లకి చూపొచ్చింది. పెన్సిలు చూపిస్తే చెప్పదు. గ్లాసు చూపిస్తే చెప్పదు. ముట్టుకుందంటే టక్కున చెప్పేస్తది. కనపడట్లేదా, కనపడీ చెప్పట్లేదా?"

"కనపడుతోంది. అదేమిటో తెలియట్లేదు" అన్నాను. అర్థమయ్యేలా చెబుదామని నా కోతి సంగతి ఎత్తుకున్నాను. పెట్టె, నల్ల గుడ్డ, రెండు ముక్కలు. చేత్తో నేర్చుకున్నదాన్ని కంటితో పోల్చుకోలేకపోవటం. కళ్లు కిటికీ వైపు పెట్టి వేళ్లతో పని జరుపుకోవటం. "అప్పుడేం చేశారో తెలుసా? మధ్యలో అద్దం పెట్టేశారు, ముట్టుకోకుండా" అన్నాను.

"అబ్బ! భలే ఉందండీ" అన్నాడాయన.

అంతలో లోపలి నుంచి హాజరు పిలిచారు. మిగతాది తర్వాత చెబుతానని గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లాను. మీటింగయ్యాక ఆయన బస్సుకు టైమయిందని వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత పిల్లను చూసి రావటానికి ఆ బడికి వెళ్లాను. మధ్యాహ్న భోజనాలయ్యాయి. గదిలో పిల్లలందరూ చుట్టూ మూగి కేకలు పెడుతున్నారు. "చూసి చెప్పు! ముట్టుకోకుండా చెప్పు!" ఆట ఆడుతున్నారనుకున్నాను. గుమ్మంలోకి వచ్చి చూశాను.

బల్ల మీద గ్లాసు, గరిటె, బంతి, పలక వరుసగా పెట్టి ఉన్నాయి. వాటి ముందు మా పిల్ల నిలబడి ఉంది. జడలు విప్పి ఉన్నాయి. ఆ జడల ఎర్ర రిబ్బన్లతోనే రెండు చేతులూ వెనక్కి కట్టి ఉన్నాయి. మొహం పైకెత్తి ఉంది, ఫ్యాను వైపు. కళ్లద్దాల వెనక కళ్లు గట్టిగా మూసుకుంది.

మాస్టారు బల్లకు అటువైపు నిలబడి, చాలా ఓపిగ్గా, మెత్తగా, "కళ్లు తెరవమ్మా. చూడు. ఇది గుండ్రంగా ఉందా, పలకలుగా ఉందా?" అంటున్నాడు.

నేను లోపలికెలా వెళ్లానో గుర్తులేదు. పిల్లల్ని తోసుకుంటూ వెళ్లి ముడి విప్పబోయాను. ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగాల్సి వచ్చింది. మణికట్ల మీద రిబ్బను గీతలు పడ్డాయి. విప్పాక కూడా పిల్ల చేతులు ముందుకు తీసుకోలేదు. అలాగే వెనకే పెట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అని అరిచాను.

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "అదేంటి మేడం? మీరు చెప్పిందేగా. చేతులు ఆపితేగాని కళ్లు పనిచెయ్యవన్నారుగా. అద్దం పెట్టటానికి మన దగ్గర లేదు కాబట్టి..."

"నేనన్నానా అలా?"

"కోతికి అద్దం పెట్టారన్నారు కదండీ. అందుకే వారం నుంచి రోజూ ఒక అరగంట చేయిస్తున్నా. ముందు రెండు రోజులు బానే చూసింది. ఇప్పుడే మొండికేస్తంది."

"అద్దం పెడితే ఆ కోతి ఏమైందో తెలుసా మీకు? మూడో రోజుకు వీపు తిప్పి కూర్చుంది! వెంట్రుకలు పీక్కుంది! పనికిరాదని ఎత్తి అవతల పారేశారు దాన్ని!"

ఆయన మొహం పాలిపోయింది. మెల్లగా అన్నాడు. "ఆ ముక్క నాకు చెప్పలేదు కదండీ."

చెప్పలేదు. అసలు చెప్పాల్సిన ముక్కే చెప్పలేదు. వెనక గదిలో చేతికీ కంటికీ కలిపి ఇచ్చాకే అది నేర్చుకుందని చెప్పలేదు. టీ గ్లాసు చేతిలో పెట్టుకుని, వినేవాడు ముచ్చటపడేంతవరకు చెప్పి ఆపేశాను. ఆయన అన్నది నిజం కాబట్టే నాకు ఆయన మీద కోపం ఇంకా పెరిగింది. ఎవరో ఏదో చెబితే మాత్రం ఒక పిల్ల చేతులు వెనక్కి విరిచి కట్టటానికి మనసెలా వచ్చింది? పెద్ద రైతు కూతురైతే కట్టేవాడా? ఆ మాట కూడా అనేశాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి నేనేమీ చల్లబడలేదు.

మాస్టారి మీద పై అధికారికి ఫిర్యాదు కాగితం రాసిచ్చాను. చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడాయన.

"కొట్టాడా?"

"లేదండీ. కట్టాడు."

"గాయమేమన్నా ఉందా?"

"లేదు."

"తల్లిదండ్రులు కంప్లయింటు ఇచ్చారా?"

"వాళ్లివ్వరండీ. ఊళ్లో బతకాలి కదా."

"మరి నన్నేం చెయ్యమంటారు? పైగా ఐడియా మీదేనంట." కాగితం నా వైపు జరిపాడు. నేను తీసుకోలేదు. అక్కడే వదిలేసి వచ్చాను. ఆ తర్వాత దాని గురించి ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. మాస్టారు అదే బడిలో ఉన్నాడు. రిబ్బన్లు మాత్రం మళ్లీ కట్టలేదు.

తల్లి ఆ శనివారం పిల్లను తీసుకుని కేంద్రానికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం బయట చెప్పులు విడిచి, అక్కడే నిలబడి మాట్లాడే మనిషి నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చింది.

"ఆ కోతుల కత సారుకి మీరే చెప్పిన్రంట కదా?"

"అవునమ్మా. పూర్తిగా చెప్పలేదు. తప్పు నాదే."

"పూర్తిగా చెప్పటం, సగం చెప్పటం కాదండీ. నా పిల్ల గురించి అడిగితే కోతి గురించి ఎందుకు చెప్పిన్రు? ఇప్పుడు బళ్లో పిల్లలు దాన్నేమని పిలుస్తున్నారో తెల్సా? నా పిల్ల కోతా?"

ఆ ఆడకోతి మీద నాకు ఎంత గౌరవం ఉందో ఆవిడకు ఎలా చెప్పను? చెప్పినా ఏం లాభం? ఆవిడ కోపం పూర్తిగా న్యాయం. క్యాంపుల వాళ్ల మీద, వీడియోలు తీసినవాళ్ల మీద చూపించలేని కోపమంతా కూడా అందులో ఉంది. అది పడాల్సిన చోట్లలో ఒకటి నా బల్లేనని ఒప్పుకోవటానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

"తీసుకుపోతానంటే తీసుకుపో. కానీ నాకు నెల రోజులు ఇవ్వమ్మా" అన్నాను. ఆవిడ పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి బయటికి వెళ్లింది.

ఆ నెల తర్వాత ఇంకెన్ని నెలలో. చేత్తో పట్టుకోవటం, పట్టుకున్నదాన్ని మొహం దగ్గరకు తెచ్చుకోవటం, వేలు ఎక్కడ నడిస్తే కన్ను అక్కడ నడవటం. మొదట్లో పిల్ల కళ్లు మూసుకునే చేసేది. చూపు దానికి అలసటగా ఉండేది. "కళ్లు తెరిస్తే అన్నీ ఒకేసారి మీద పడ్తయి టీచర్" అనేది. గ్లాసుకూ గ్లాసు నీడకూ తేడా తెలిసేది కాదు. మెట్లు గీతల్లా కనిపించేవి. పాదంతో తడిమాకే అవి మెట్లయ్యేవి. ఒకరోజు కోపమొచ్చి కళ్లద్దాలు తీసి విసిరేసింది. "నాకొద్దు ఇయ్యి! ముందే బాగుండె!" అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ముందు బాగుండేదన్న మాట నిజం కాదని నేనెలా చెప్పగలను? కల్లంలో అందరికంటే ముందుండే పిల్ల ఇప్పుడు అరటిపండు దగ్గర ఓడిపోతోంది.

గరిటె మొదట వచ్చింది. తర్వాత గ్లాసు. తర్వాత దువ్వెన. పండగ ముందు ఒకరోజు, మిరపచేల నుంచి ఆటోలో దిగుతున్న ఆడవాళ్లందరూ తలకు గుడ్డలు చుట్టుకుని, మగచొక్కాలు తొడుక్కుని ఒకేలా ఉంటే, పిల్ల దూరం నుంచే మూడో మనిషిని చూపించి "అమ్మ" అందట. మొహం చూసి కాదు, దిగిన తీరు చూసి. తల్లి ఆ సంగతి నాకు ఫోను చేసి చెప్పింది. అప్పటికి ఆవిడ నాతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టి చాలా రోజులైంది.

కుదురుకుంటోందనుకున్న సమయంలో మా కేంద్రంలో చూపు లేని పిల్లల జాబితా సరిచూడటానికి ఒక ఉద్యోగి వచ్చాడు. పిల్ల ముందు రెండు వేళ్లు పెట్టి "ఎన్ని?" అన్నాడు. "రెండు." మూడు వేళ్లు పెట్టాడు. "మూడు." కాగితం మీద పెన్ను పెట్టాడు.

"ఆగండి" అన్నాను. "వేళ్లు నేను నేర్పాను కాబట్టి తెలుసు. మీ జేబులో ఉన్నదేదైనా చూపించి అడగండి."

తాళంచెవుల గుత్తి తీసి చూపించాడు. పిల్ల చూసింది. "మెరుస్తంది" అంది.

"చూశారా?"

"చూశానండీ. కానీ నా కాగితంలో కనపడుతుంది, కనపడదు, రెండే గడులు ఉన్నాయి. కనపడీ తెలియకపోవటానికి గడి లేదు." నవ్వుతూనే అన్నాడు. జాబితాలోంచి పేరు కొట్టేశాడు. గట్టిగా అరిచాను. పక్క గదిలో పిల్లలు ఏడుపు అందుకునేంత గట్టిగా అరిచాను. ఆయన కాగితాలు సర్దుకుని, "మీరు మరీ ఇదవుతున్నారు మేడం" అని వెళ్లిపోయాడు. నేను ఇదవుతూనే ఉన్నాను. ఇదవ్వకుండా ఈ పని ఎలా చెయ్యాలో ఎవరూ నాకు నేర్పలేదు.

ఇప్పుడు పిల్ల పేరు మా రిజిస్టరులో లేదు. శనివారం శనివారం వస్తూనే ఉంది. తల్లికి వీలుంటే తల్లితో, లేకపోతే ఆ దారిన వచ్చే ఆటోలో. ఆరో తరగతి. తెలుగు పెద్ద అక్షరాలు చదువుతోంది. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ కళ్లు మూసుకుంటుంది. మూసుకోనిస్తాను.

కిందటి శనివారం సంత నుంచి వస్తూ సంచీలో ఉన్నవి బల్ల మీద పోశాను. పేర్లు అడిగాను. బెండకాయ చెప్పింది. దొండకాయ చెప్పింది. టమాటా చూసి, "ఇది సులువు టీచర్, వేరేది పెట్టండి" అంది. ఒక సపోటా, ఒక బంగాళాదుంప పక్కపక్కన పెట్టాను. రెండూ మట్టిరంగే. ఒకటే సైజు. చాలాసేపు చూసింది. వంగి చూసింది. తల పక్కకు వంచి చూసింది. నేనూ చూశాను. నేనున్న దూరం నుంచి నాకే సరిగ్గా తెలియటం లేదు.

పిల్ల చెయ్యి బల్ల మీద నుంచి లేచింది. సపోటా దగ్గరి దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. నా మొహం వైపు చూసి, ఆ చెయ్యి తీసుకెళ్లి వీపు వెనక పెట్టుకుంది. రెండో చెయ్యి కూడా.

నాకు ఒళ్లంతా మండింది. రెండేళ్లయింది ఆ రిబ్బన్లు విప్పి.

"ముట్టుకోవే!" అని అరిచాను. పిల్ల ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. నా గొంతు విని నాకే భయం వేసింది. కుర్చీలోంచి లేచి వెళ్లి దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. చేతులు పట్టి లాగలేదు. నేనే రెండూ తీసుకుని ముట్టుకుని, నలిపి, వాసన చూశాను.

"నాక్కూడా చూస్తే తెలియలేదే. చేత్తో పట్టుకుంటేనే తెలిసింది. తిట్టింది నిన్ను కాదు" అన్నాను.

"మరి ఎవర్ని?" అంది.

ఆ జాబితా పొడుగు. రెండూ దాని ముందుకు చాపాను. పిల్ల ఒక చెయ్యి ముందుకు తెచ్చి, బొటనవేలితో ఒకదాని తోలు మీద నొక్కి చూసింది. వేలు కొంచెం దిగింది. "సపోటా. పండింది కూడా. తినొచ్చా?" అంది.